మాణిక్యాంబగారి బండి

సోమసుందరం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. పాలిటెక్నిక్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు డ్రాయింగు నేర్పినప్పుడూ అంతే, రిటైరయ్యాక ఆన్‌లైన్ ఆటల్లో పడి పద్నాలుగు మందికి గురువైనప్పుడూ అంతే. ఆ పద్నాలుగు మందీ తమను తాము ఏటిగట్టు దండు అని పిలుచుకుంటారు. కొందరిది రాజమండ్రి, కొందరిది ఏలూరు, కాకినాడ. ఒకరిద్దరు హైదరాబాదులో ఉంటారు. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లవి. సాయంత్రమయ్యేసరికి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కచోట చేరతారు. మాస్టారి కంటే చురుగ్గా కత్తి తిప్పేవాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. అయినా ఎక్కడ చిక్కుపడినా ఆయన దగ్గరికే వెళతారు.

సుధేష్ణ కూడా అలాగే ఒక ఆదివారం పొద్దున రాజమండ్రి దానవాయిపేటలో ఆయన ఇంటి మెట్లెక్కింది. ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. దండును మొదలుపెట్టింది ఇద్దరు: ఆమె ఒకరు, ఏలూరులో మందుల షాపు నడిపే ఫిలిప్ ఒకడు. ఆరేళ్లుగా ఇద్దరూ తెరమీద పక్కపక్కనే నిలబడి పోరాడారు; ఎదురెదురుగా చూసుకున్నది మాత్రం రెండే సార్లు. ఇప్పుడు వాళ్లిద్దరి మధ్యా మాటలు లేక తొమ్మిది రోజులైంది.

దండు మొదటినుంచీ ఆడుతున్న ఆట పేరు సప్తద్వారం. అందులో ప్రతిదానికీ ఒక వరస ఉంది. ఏ పని చేయాలో, ఎటు వెళ్లాలో తెరమీద బంగారు బాణం చూపిస్తుంది. పని పూర్తిచేస్తే లెవెల్ పెరుగుతుంది. ఒక్కో కోటలోకి ఐదుగురు కలిసి వెళ్లాలి. ముందు నిలబడి దెబ్బలు కాచేవాణ్ని టాంక్ అంటారు, గాయాలు మాన్పేవాణ్ని హీలర్ అంటారు. మిగిలిన ముగ్గురూ కొట్టేవాళ్లు. ఫిలిప్ టాంక్. అతనికి ఆ ఆటంటే ప్రాణం. సుధేష్ణకు రెండు నెలల కిందట బయలు అనే ఇంకో ఆట దొరికింది. అందులో బాణం లేదు, లెవెళ్లు లేవు, ఇది చెయ్యి అని చెప్పే నాథుడు లేడు. విశాలమైన నేలమీద వదిలేస్తారు. ఇల్లు కట్టుకుంటావో, కొలిమి పెట్టుకుంటావో, దారికాచి దోచుకుంటావో నీ ఇష్టం. ఊళ్లూ సంతలూ యుద్ధాలూ అన్నీ ఆడేవాళ్లు కల్పించుకున్నవే.

దండు మొత్తం బయలుకు మారాలని సుధేష్ణ పట్టుబట్టింది. "ఇంకా ఎన్నాళ్లు ఆ బాణం తోక పట్టుకుని తిరుగుతావు?" అని అందరూ వింటుండగా ఫిలిప్‌ను అనేసింది. "నీ బయల్లో ఏముంది, మట్టి తవ్వుకోవడం తప్ప? మాతో కలిసి ఆడటం నీకు విసుగేసింది. ఆ మాట చెప్పు, చాలు," అన్నాడు ఫిలిప్. దండు సగం అటూ సగం ఇటూ అయింది. ఈ రోజుకు సరిగ్గా మూడు వారాలకు, ఆదివారం సాయంత్రం ఐదింటికి ఓటు పెట్టి తేల్చుకుందామన్నారు. ఓడినవాళ్లు ఏమవుతారో ఎవరూ పైకి అనలేదు గాని, అందరికీ తెలుసు.

"మీరే చెప్పండి మాస్టారూ," అంది సుధేష్ణ. "దారి చూపించే ఆట గొప్పదా, దారి మనమే వేసుకునే ఆట గొప్పదా?"

"నిన్న ఫిలిప్ ఫోన్ చేసి ఇదే అడిగాడు," అన్నారు మాస్టారు. "మా అక్క వచ్చింది. ఈ వారం అతను ఆవిణ్ని ఆడిస్తానన్నాడు. తర్వాత రెండు వారాలూ నువ్వు ఆడించు."

"నా ప్రశ్నకి..."

"దానికే చెబుతున్నాను."

మాస్టారి అక్క మాణిక్యాంబగారు వీధి కిటికీ పక్కన కూర్చుని ఉంది. అమలాపురం నుంచి రావులపాలెం దాకా ఒకే రూటులో ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. చేతిలో పనిలేక తోచడం లేదని తమ్ముడింటికి వచ్చింది. ఇక్కడ కాలక్షేపమల్లా వీధి చివర పెద్ద రోడ్డుమీద పోయే బస్సులను గోడగడియారంతో సరిచూడటమే. సుధేష్ణను చూసి, "కూర్చో అమ్మాయ్. ఇప్పుడు పోయింది చూశావూ, అది పన్నెండు నిమిషాలు లేటు," అంది.

వారం గడిచాక సుధేష్ణ మళ్లీ వెళ్లింది. సప్తద్వారంలో ఏం చేశారని అడుగుతున్నప్పుడు ఆమె మనసులో కొంచెం చులకన భావమే ఉంది. బాణం వెంట పరుగెత్తించి ఉంటాడు, పాపం ఈ పెద్దావిడ ఆయాసపడి ఉంటుంది అనుకుంది.

"కోటలోకి వెళ్లాం తల్లీ, ఐదుగురం," అంది మాణిక్యాంబగారు. "అందులో ఎవరో భోపాల్ ఆయనట, ముక్క తెలుగు రాదు. దారితప్పి ఎక్కడో వెనకబడిపోయాడు. మిగతావాళ్లు పదండి పదండి అంటారు. గంటలో పూర్తిచేయకపోతే గేటు మూసేస్తారట. మనిషి ఎక్కకుండా బండి కదలడానికి వీల్లేదన్నాను."

"ఫిలిప్ ఏమన్నాడు?"

"ఏమంటాడు? రైట్ చెప్పేదాకా ఆగాడు. గేటు మూసేశారు. మిగతా ఇద్దరూ తిట్టుకుంటూ పోయారు. మేమూ ఆ భోపాలాయనా బయటికొచ్చి, పక్కనే చెరువుంటే గట్టుమీద కూర్చున్నాం. ఆ చెరువులో ఎర్ర చేపలుంటాయి. ఎన్ని రకాలో ఫిలిప్ అన్నీ చూపించాడు. సంసారపక్షం పిల్లాడు."

కోటలో రెండు సెకన్లు వృథా అయితే అరగంట సణిగే ఫిలిప్ సుధేష్ణకు తెలుసు. చెరువుగట్టున కూర్చున్న ఫిలిప్ ఎవరో తెలియదు. అతనికి ఆ చేపల రకాలన్నీ తెలుసంటే, ఆరేళ్లలో ఎన్నిసార్లు ఒంటరిగా అక్కడ కూర్చుని ఉండాలి?

ఆ రోజే మాణిక్యాంబగారిని బయలులోకి తీసుకెళ్లింది. కొత్తవాళ్లంతా మొదట దిగేది ఉప్పురేవు అనే చోట. పెద్దావిడ తెరమీద కాసేపు అటూ ఇటూ చూసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మీ ఇష్టం పెద్దమ్మా. ఏదైనా చెయ్యొచ్చు."

"ఎక్కడికి వెళ్లాలి?"

"ఎక్కడికైనా."

మాణిక్యాంబగారు నవ్వింది. "ఎక్కడికైనా అని బోర్డు పెడితే ఆ బస్సు ఎవరెక్కుతారే?"

సుధేష్ణ కొంచెం చిన్నబుచ్చుకుని, కొండమీద తాను కట్టిన ఇంటికి తీసుకెళ్లింది. రెండు నెలలు కష్టపడి కట్టింది. మూడంతస్తులు, నలువైపులా కిటికీలు, మేడమీద నుంచి చూస్తే సముద్రం. మాణిక్యాంబగారు గదిగదీ తిరిగి చూసి మెచ్చుకుంది. "చాలా బావుంది. ఎవరెవరు ఉంటారు?"

"నేనే."

"ఇంత పెద్దింట్లోనా?"

అడిగినావిడ మామూలుగానే అడిగింది. ఆ మేడమీద నిలబడి సముద్రం చూసినవాళ్లు తనుగాక ఇంకెవరూ లేరని సుధేష్ణకు అప్పుడే తట్టింది.

మాణిక్యాంబగారు మర్నాడు రేవులోనే నిలబడి జనాన్ని చూసింది. కొత్తగా దిగినవాళ్లు కొండసంతకు వెళ్లాలని బయల్దేరడం, దారి తెలియక తిరగడం, దారిదోపిడీగాళ్ల చేతిలో చచ్చి మళ్లీ రేవులోనే లేవడం. చూసి చూసి, "నాకో బండి కావాలమ్మాయ్," అంది. సుధేష్ణ ల్యాబునుంచి వచ్చాక రెండు సాయంత్రాలు కూర్చుని ఎడ్లబండి తయారుచేసింది. పెద్దావిడ వేళలు నిర్ణయించింది. సరిగ్గా ఐదింటికి ఉప్పురేవులో బయల్దేరాలి, మధ్యలో రాళ్లవాగు దగ్గర ఒక్క స్టాపు, ఐదూ నలభైకి కొండసంత. ఆరుగురికే చోటు. టికెట్ లేదు. "ఇరవై ఆరేళ్లు టికెట్లు కొట్టాను, ఇక్కడ కూడానా!" అంది. ఎదురుగా ఉన్న మైకులో ఆవిడ "రైట్ రైట్!" అని కేకవేస్తే, పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మాస్టారు ఉలిక్కిపడేవారు.

నాలుగోనాటికి రేవులో జనం బండికోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అక్కడ ఒక పాక వేశాడు. ఇంకెవరో బండి వేళలు రాసి బోర్డు కట్టారు. ఏ నియమమూ లేదనే కదా తాను ఈ ఆటను ప్రేమించింది, అలాంటి చోట కత్తులూ గొడ్డళ్లూ భుజాన వేసుకున్న వీరులు వరసలో నిలబడి తమ వంతుకోసం చూస్తుంటే సుధేష్ణకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ముచ్చట కూడా వేసింది. ఆ వరసను చూడమని చెప్పడానికి ఎవరో ఒకరు పక్కన ఉంటే బావుండేదనిపించింది.

ఓటుకు ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం సాయంత్రం, దోపిడీగాళ్లు పదిమంది దారిలోని ఇరుకుకనుమలో బండిమీద పడ్డారు. ప్రయాణికులు తలో దిక్కూ పరుగెత్తారు. సుధేష్ణ ఒక్కతే ఎంతని ఆపగలదు? ఎడ్లు చచ్చాయి, బండి తగలబడింది, మాణిక్యాంబగారు కూలి మళ్లీ రేవులో లేచింది.

"రేపు బండి ఉందా లేదా?" అంది లేస్తూనే.

"ఎలా పెద్దమ్మా? బండి మళ్లీ చెయ్యడానికే రేపంతా పడుతుంది. చేసినా వాళ్లు మళ్లీ వస్తారు."

"ఎల్లుండి ఐదింటికి జనం వచ్చి నిలబడతారమ్మా," అంది పెద్దావిడ. "ఆ ఫిలిప్ ఉన్నాడుగా. కోటలో నామీద ఒక్క దెబ్బ పడనివ్వలేదు. అతనికి ఫోన్ చెయ్యి."

సుధేష్ణ ఫోను తీసి అతని పేరు వెతికింది. తర్వాత నొక్కింది.

"ఫిలిప్, పెద్దమ్మ బండిని కొట్టేశారు."

"ఆవిడకేమైంది?"

"చచ్చిపోయింది. అంటే, మళ్లీ లేచిందిలే."

అతను నవ్వకుండా ఉండాలని చూశాడుగాని ఉండలేకపోయాడు. ఆమె కూడా నవ్వేసింది.

"వాళ్లు పదిమందైతే మనం పద్నాలుగు మందిమి వద్దాం," అన్నాడు ఫిలిప్. "బండి ముందు నేను. హీలర్లిద్దరూ బండిలోనే కూర్చోవాలి, దిగకూడదు. మిగతావాళ్లు అటు సగం, ఇటు సగం."

"బయల్లో అలా వరసకట్టి ఎవరూ పోరాడరు ఫిలిప్."

"పోరాడకూడదని అక్కడెక్కడైనా రాసుందా?"

ఆదివారం ఐదింటికి మాణిక్యాంబగారు "రైట్ రైట్!" అనేసరికి దండు మొత్తం బండి చుట్టూ ఉంది. చాలామందికి బయలు కొత్త. ఎలా నడవాలో కూడా సుధేష్ణే చెప్పాల్సివచ్చింది. ఇరుకుకనుమలో దోపిడీగాళ్లు దిగారు. ఈసారి పదిమంది కాదు, పాతికమంది. ఫిలిప్ ఎడ్ల ముందు డాలు పాతి నిలబడ్డాడు. అతని వెనక దండు చెదరలేదు, ఎవరి చోట్లో వాళ్లు నిలిచారు. కాని పాతికమందిని ఎంతసేపని ఆపుతారు? డాలు పగుళ్లిచ్చింది.

అప్పుడు సుధేష్ణకు ఎండిపోయిన ఇంకో వాగు గుర్తొచ్చింది. మొదటి నెలలో ఏ పనీ లేకుండా, ఏ ఉద్దేశమూ లేకుండా తిరుగుతూ చూసిన వాగు అది. కనుమ పక్కనుంచి కిందికి దిగి కొండసంత వెనక తేలుతుంది. ఏ పటంలోనూ ఉండదు. "ఫిలిప్, ఇంకో నాలుగు నిమిషాలు ఆపగలవా?" అంది. "నువ్వు వెళ్లు. నేను ఉన్నాను," అన్నాడు. ఆమె ఎడ్లను వాగులోకి మళ్లించింది. బండిలో నలుగురు కొత్తవాళ్లు, ఇద్దరు హీలర్లు, ఒక కండక్టరు. రాళ్లమీద ఎగిరెగిరి పడుతూ పోయింది బండి. నాలుగు నిమిషాలడిగితే ఫిలిప్ ఆరు నిమిషాలు నిలబడ్డాడు, ఆ తర్వాతే పడిపోయాడు.

బండి కొండసంత చేరేటప్పటికి ఐదూ యాభై. అక్కడ ఎదురుచూస్తున్న వాళ్లతో మాణిక్యాంబగారు, "పది నిమిషాలు లేటైంది, ఏమనుకోకండి," అంది. అంతా గోలగోలగా నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో ఎవరో, "అవునూ, ఐదింటికి ఓటు కదా?" అన్నారు. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. రేవులో మళ్లీ లేచి కాలినడకన వచ్చిన ఫిలిప్ సుధేష్ణ పక్కకు చేరి, "నీ ఇల్లెక్కడ? చూపిస్తానన్నావు ఒకప్పుడు," అన్నాడు. చూపించింది. మేడమీద ఇద్దరూ నిలబడి సముద్రం చూశారు. "కిటికీలు బాగా పెట్టావు," అన్నాడతను. అతను క్షమాపణ అడిగింది ఆ మాటతోనే. "నాకా చేపల్ని ఎప్పుడు చూపిస్తావు?" అని ఆమె అడిగింది.

మర్నాడు సుధేష్ణ ల్యాబునుంచి తిన్నగా మాస్టారింటికి వచ్చింది. మాణిక్యాంబగారు వంటింట్లో ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది.

"మాస్టారూ, మీరు నాకింకా జవాబు చెప్పలేదు," అంది సుధేష్ణ. "రెండు ఆటలూ ఉండాలంటారు, అంతేనా?"

మాస్టారు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"మా అక్క పొద్దున ఒక మాటడిగింది. బండిని ఆ ఎర్రచేపల చెరువుదాకా పొడిగిస్తే బావుంటుంది, కొండసంత నుంచి ఎంత దూరమని. అవి రెండు ఆటలని ఆవిడకు ఇప్పటికీ తెలియదు. నేనైతే చెప్పలేకపోయాను. నువ్వు చెబుతావా?"