భోజనానికి పిలిచిన పేరు

“అవ్వా, ఇంగ్లీషు వాళ్ళంతా మిమ్మల్ని క్వాకియూటల్ అనే అంటున్నారు. పాత పుస్తకాల నిండా అదే. నేనూ అట్ట మీద అదే పెట్టాను. తప్పంటారా?”

అడిగింది వారిజ. కెనడా పడమటి తీరంలో ఓ దీవికి వెళ్ళి, రెండేళ్ళుగా ఆగ్నెస్ అవ్వ దగ్గర క్వాక్వాలా భాష నేర్చుకుంటున్న తెలుగుపిల్ల. అవ్వ చెప్పిన కథలన్నీ ఇంగ్లీషులో పుస్తకం చేసింది. మర్నాడే అచ్చు. ఆ భాష మాట్లాడేవాళ్ళు తమను క్వాక్వకవాక్వ అని చెప్పుకుంటారని ఆ పిల్లకు తెలియక కాదు. చదివేవాళ్ళకు నోరు తిరగదని మానేసింది. ఇప్పుడేమో భయం పట్టుకుంది. నా కథలు వెనక్కిచ్చెయ్ అని అవ్వ అంటే, రెండేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

అవ్వ ఏనాడు నేరుగా జవాబిచ్చింది గనక! ఆ మధ్యాహ్నం సంఘం హాలులో విందు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభైమంది వచ్చారు. తమ తెగను పేరు పెట్టి పిలిస్తేనే లేస్తారు; పిలవకుండా పళ్ళెం ముట్టడం అక్కడ మర్యాద కాదు.

“పో, నీ అట్ట మీదున్న పేరుతోనే అందర్నీ భోజనానికి పిలు,” అంది అవ్వ.

వారిజ పిలిచింది. ఆరుగురు లేచారు. అంతే! ఆ పేరు ఒక్క ఊరి తెగది మరి. తెల్లవాళ్ళ వర్తకపు కోట ఆ ఊళ్ళో ఉండేది గనక, అందరికీ దాన్నే అంటగట్టారు. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సాల్మన్ చేపల పులుసు చల్లారిపోతోంది. వడ్డించే విక్టర్ అయితే గరిటె కింద పెట్టేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

“నన్ను పిలవలేదుగా తల్లీ!”

పాపం, వారిజ! సిగ్గుతో చచ్చిపోయింది. రెండుసార్లు తడబడి, మూడోసారి “క్వాక్వకవాక్వ!” అని గట్టిగా పిలిచింది. హాలంతా నవ్వుతూ లేచింది.

ఆ సందట్లోనే ప్రెస్సుకి ఫోన్ చేసి, అట్ట మీద పేరు మార్చమంది. అట్ట ఇంకా మిషనెక్కలేదట. హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది ఆ పిల్లకు. కళ్ళు తుడుచుకుంటూ అవ్వకు పళ్ళెం తెచ్చింది.

“అవ్వా, రేపటి నుంచి కూడా నాకు చదువు చెబుతారు కదూ?”

అవ్వ పళ్ళెం అందుకుంది.

“ఇందాక మొదటి పిలుపుకి నేనూ లేవలేదమ్మాయ్. మూడోదానికి లేచాను, చూశావా?”