రెండో కన్ను

ఏటి నడుమ ఒక లంక. లంకలో ఒక ఏరుమద్ది చెట్టు, దాని కింద మెత్తటి ఇసుక, ఇసుక అంచున రెల్లు. ఏటికి ఇవతల రాళ్ల దిబ్బ. ఆ దిబ్బ మీద జంబన్న అనే నక్క కాపురం.

వేసవి మధ్యాహ్నాల్లో జంబన్నకు ఒకటే పని. రాతి మీద గడ్డం ఆనించి లంక వైపు చూడడం. ఎండకి గాలి నీళ్లలా కదిలేది. ఆ గాలిలో లంక నేలను తాకకుండా తేలుతున్నట్టు కనిపించేది. మద్ది నీడలో కాటమ్మ అనే ముసలి గేదె, పోలయ్య అనే గాడిద, రత్తి అనే కుందేలు, మందలోంచి తప్పిపోయి వచ్చిన రెండు మేకలు పడి నిద్రపోయేవి. అట్లాంటి ఇట్లాంటి నిద్ర కాదు. గాడిద నాలుగు కాళ్లూ బారజాపి, కుందేలు వెల్లకిలా పొట్ట చూపిస్తూ, గేదె నోరు తెరిచి. కాటమ్మ నిద్రలో నవ్వడం కూడా జంబన్న చూశాడు. దేన్ని చూసి నవ్వుతోందో తెలియక ఆ రోజంతా అతనికి తిండి సహించలేదు.

జంబన్న నిద్ర వేరు. ఒక కన్ను మూస్తే రెండోది తెరిచి ఉండాలి. ఊరకుక్కలు ఏ వైపు నుంచి వస్తాయో ఎవరికి తెలుసు? బుద్ధెరిగాక రెండు కళ్లూ ఒక్కసారి మూసి ఎరగడు. కలలు కూడా సగమే వచ్చేవి. కోడి కనిపించేది, ఈక నోటికి తగిలేది, అంతలో మెలకువ.

లంకలో రోజూ ఒకటి మాత్రం ఇసుక మెరక మీద ఎండలో నిలబడి ఉండేది. ఒకనాడు గాడిద, ఒకనాడు మేక. ‘నీడ చాలక బయటపడ్డ బడుద్ధాయి. అంత గిరాకీ ఉందంటే అది మామూలు చోటు కాదు’ అనుకునేవాడు జంబన్న.

నిద్ర కరువైనవాడికి బుద్ధి ఒక్క దారినే నడుస్తుంది. ఒక పొద్దున అతను మోకాలి లోతు నీళ్లు దాటి లంకకు వెళ్లాడు.

“కాటమ్మత్తా, ఇంకా ఇక్కడే ఉన్నారా! పైన కొండల్లో కుంభవృష్టి అట. రేపో మాపో ఏరు పొంగుతుంది. నా దిబ్బ ఎత్తు మీద ఉంది, అందరూ అక్కడికి వెళ్లిపోండి.”

“మరి నువ్వో, మావా?” అంది రత్తి.

“నేను ఈతగాణ్ణి. మీ చోటు ఎవరూ ఆక్రమించకుండా ఇక్కడే పడుంటాను.”

“నక్క పిలిచి పీట వేస్తే, పీట కింద గొయ్యి ఉందేమో చూసుకోమనేది మా అమ్మ.”

“తెలివైన ఇల్లాలు. ఇప్పుడు ఎక్కడుంటోంది?”

“మీ నాన్న పొట్టలో.”

జంబన్న దగ్గి, పక్కకి చూశాడు. కాటమ్మ నెమరు ఆపి ఆకాశం చూసింది, తర్వాత జంబన్న ఎర్రటి కళ్లు చూసింది.

“పదండి,” అంది. “ఇల్లు ఇస్తానన్నవాణ్ణి చిన్నబుచ్చకూడదు.”

రత్తి గొణుగుతూనే గేదె వీపెక్కింది. అందరూ ఏరు దాటి వెళ్లిపోయారు.

లంక అంతా జంబన్నదే. మద్ది ఆకుల మధ్య నుంచి వెలుగు చిన్న చిన్న బిళ్లలుగా ఇసుక మీద పడి దొర్లుతోంది. ఏరు ఎవరికో జోల పాడుతున్నట్టు సన్నగా గొణుగుతోంది. గేదె పడుకునే పల్లంలో చుట్ట చుట్టుకుని ఒక కన్ను మూశాడు. హాయిగా ఉంది. రెండో కన్ను సగం వాల్చాడు. రెల్లులో ఏదో కదిలింది. ఎగిరి కూర్చున్నాడు. గాలి.

గాడిద చోటికి మారాడు. ఆకు రాలింది. మేకల చోటికి మారాడు. చేప ఎగిరింది. చివరికి కుందేలు చోట్లో, తోక కూడా పట్టని చోట, ఒదిగి పడుకున్నాడు. అప్పుడు ఏ చప్పుడూ లేదు. చప్పుడు ఎందుకు లేదో అని భయం వేసింది.

సాయంత్రానికి కళ్లు నిప్పుకణికలయ్యాయి. అటు చూస్తే, తన దిబ్బ మీద, తన పాడు రాళ్ల మీద, పోలయ్య గురక పెడుతున్నాడు. ఆ గురక ఏరు దాటి వినిపిస్తోంది.

‘దొంగలు! సుఖం మూట కట్టుకుని వెంట తీసుకుపోయారు’ అనుకున్నాడు జంబన్న.

మర్నాడు వెళ్లి, వాన వెనక్కి పోయిందని చెప్పాడు. వాన వెనక్కి ఎలా పోతుందని పోలయ్య అడగబోతే, కాటమ్మ తోకతో అతని మూతి మీద ఒకటి వేసింది. అందరూ లంకకు తిరిగి వచ్చారు. జంబన్న గబగబా దిబ్బ ఎక్కి, గేదె పడుకున్న రాయి ఇంకా వెచ్చగా ఉండగానే దాని మీద పడుకున్నాడు. ఒక కన్ను మూతపడింది. రెండోది పడలేదు.

ఆ మధ్యాహ్నం సిగ్గు చంపుకుని మళ్లీ ఏరు దాటాడు. ఇసుక మెరక మీద ఎండలో రత్తి నిలబడి ఉంది.

“ఏం పిల్లా, నీడలో చోటివ్వలేదా?”

“చోటేమిటి మావా! ఇవాళ మెలకువ వంతు నాది.”

“అంటే?”

“అంటే వాళ్లు పడుకుంటారు, నేను నాలుగు దిక్కులూ చూస్తాను. ఏదైనా వస్తే కాలితో నేల కొడతాను. రేపు పోలయ్య చూస్తాడు, నేను పడుకుంటాను.”

“నువ్వు కునుకు తీస్తే?”

“నేను కునుకు తీస్తే రేపు పోలయ్య తీయడూ?”

జంబన్నకు కాళ్ల కింద ఇసుక జారినట్టయింది. ఇన్నాళ్లూ బడుద్ధాయి అనుకున్నది ఎవర్నో అర్థమైంది. నేరుగా కాటమ్మ దగ్గరికి పోయి లేపాడు. “అత్తా, నాకూ ఇక్కడ నిద్ర కావాలి.”

“నిద్రకేం భాగ్యం! రేపు నువ్వు మేలుకో, ఎల్లుండి పడుకో.”

మెరక మీది నుంచి రత్తి అరిచింది. “అత్తా! దొంగ చేతికి తాళం చెవి ఇస్తున్నావు. పోయేది నీ ప్రాణం కాదు, నాది!”

“వాడికి లెక్కలు వచ్చులే రత్తీ. రేపు పడుకో ధైర్యంగా.”

“లెక్కలో నేనే కదా తీసివేత!” అంది కుందేలు. అయినా మర్నాడు పడుకుంది. అతనికి అందేంత దూరంలోనే పడుకుంది, ఎందుకంటే ఆమె చోటు అదే.

జంబన్న మెరక ఎక్కాడు. ఎండ తెల్లగా, మౌనంగా ఉంది. లంక మొత్తం ఒక్క ఊపిరితో లేస్తూ దిగుతున్నట్టుంది. ఇంతమంది నిద్రను అంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు. గేదె నవ్వుతోంది. మేకలు కలలో ఏవో ఆకులు నములుతున్నాయి. రత్తి పొట్ట, తెల్లగా, మెత్తగా, వెల్లకిలా.

అతని నోట నీళ్లూరాయి. ఒక్క గంతు చాలు. ముందు కాలు దానంతట అదే కదిలింది. తిన్నాక? ఒక పూట కడుపు నిండుతుంది. మర్నాటి నుంచి మళ్లీ రాళ్ల దిబ్బ, ఒంటి కన్ను, సగం కల. ఒక పూట కూడు ఒక వైపు, బతుకంతా నిద్ర ఒక వైపు. ఎన్నిసార్లు కూడినా తీసినా లెక్క అలాగే తేలుతోంది. జంబన్న కాలు వెనక్కి లాక్కున్నాడు. తనను ఎవరో కట్టేశారని అతనికి తెలుస్తోంది, తాడే కనబడటం లేదు.

అప్పుడు గాలి మారింది. కుక్క వాసన. రేవు దగ్గర ఊరకుక్కలు నీళ్లలో దిగుతున్నాయి. ఒంటరిగా ఉంటే ఈపాటికి రెల్లులో దూరిపోయేవాడు. కాళ్లు పారిపోదామన్నాయి, గొంతు మాత్రం వినలేదు. లంక దద్దరిల్లేలా ఊళ వేశాడు. కాటమ్మ దిగ్గున లేచి కొమ్ములు వంచి లంక ఒడ్డున అడ్డంగా నిలబడింది. పోలయ్య వెనక కాళ్లు సవరించుకున్నాడు. కుక్కలు ఆ కొమ్ములు చూసి, ఆ ఊళ విని, నడి ఏట్లోంచే వెనక్కి తిరిగాయి.

“బాగా కూశావు మావా,” అంది రత్తి, దుమ్ము దులుపుకుంటూ. “కాలు కదిపిన చప్పుడు కూడా విన్నాన్లే.”

“పడుకున్నావుగా!”

“చెవులు ఇంత పొడుగు ఊరికే పెట్టాడా దేవుడు?”

మర్నాడు పోలయ్య మెరక ఎక్కాడు. జంబన్న నీడలో పడుకుని ఒక కన్ను మూశాడు. కాసేపటికి రెండోదీ మూతపడింది. లోపల చీకటి అనుకున్నాడు. కాదు. లేత పసుపు వెలుతురు, అందులో మెల్లగా తేలుతున్న లంక, అంచులు లేని ఏరు. ఒక కోడి నడిచి వచ్చి అతని పక్కన కూర్చుంది. తినాలనిపించలేదు. కల చివరిదాకా వచ్చింది.

లేచేసరికి పొద్దు వాలింది. కాటమ్మ పక్కనే నెమరు వేస్తోంది.

“అత్తా,” అన్నాడు, గొంతు ఇంకా నిద్రలోనే ఉంది, “ఏరు పొంగుతుందన్నది అబద్ధమని నీకు తెలుసు కదూ?”

“నడివేసవిలో పొంగడమేమిట్రా.”

“మరి తెలిసీ దిబ్బకు ఎందుకు వెళ్లావు?”

“నాకు చూపుంది, వాసన అందదు. పోలయ్యకి గొంతుంది, బుద్ధి లేదు. నీలాంటి ముక్కూ గొంతూ ఉన్నవాడు మాకు కావాలి. రమ్మంటే వచ్చేవాడివా? చోటంతా నీకే ఇచ్చి చూపిస్తే తప్ప నీకు తెలిసేది కాదు.”

ఎప్పుడూ ఇతరులను బోల్తా కొట్టించే జంబన్న కోపం తెచ్చుకోవాలని చూశాడు. ఆవులింత వచ్చింది.

“రేపు మెలకువ వంతు ఎవరిది?” అన్నాడు.

నీతి: మనకోసం ఒకరు మేలుకొని ఉండే చోటే సుఖమైన చోటు, మేలుకోవడంలో మన వంతు మనం తీర్చకపోతే ఆ చోటూ రాళ్ల దిబ్బే.