గవిరయ్య కారులో ఎర్ర దీపం

రండి రండి, దగ్గరకు జరగండి. ఆ చాప కాస్త ఇటు లాగండి. చిట్టీ, నువ్వు నా ఒళ్ళోకి రా, కాళ్ళు ముడుచుకో. కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు. పోనీలే. లాంతరుంది, గాలి చల్లగా ఉంది, మీరున్నారు. ఇంకేం కావాలి నాకు? మధ్యలో అల్లరి చేసినవాళ్ళు పదమూడో ఎక్కం అప్పజెప్పాలి. ఊఁ కొట్టడం మాత్రం మరిచిపోవద్దు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కారుండేది.

రాజుండేవాడు అంటాననుకున్నారు కదూ? రాజు లేడు. ఒక్క కారే. తెల్లటి కారు, గుండ్రటి పొట్ట, పెద్ద పెద్ద కళ్ళు. దాన్ని నడిపేవాడి పేరు గవిరయ్య. వాళ్ళింట్లో వెనకటికి గంగి అని ఒక ఆవుండేదిట. కారు కూడా తెల్లగా ఆవులాగే ఉందని దానికీ గంగి అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే కడిగి, వీపు నిమిరి, "పదవే గంగీ" అంటే గాని బండి తీసేవాడు కాదు.

ఆ ఊరికి ఒక పక్క చెరుకు తోటలు, ఇంకో పక్క కొండ. కొండకి అవతల పట్నం, పట్నంలో ఆసుపత్రి. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా గంగి ఎక్కి కొండ దాటాల్సిందే. బస్సుండేది, కాని అది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోగం బస్సు టైము చూసుకుని రాదు కదా!

గంగికి ఒక్కటే జబ్బు. దాహం.

కారు ముందు భాగంలో రేడియేటరని ఒక నీళ్ళ పెట్టె ఉంటుంది. ఇంజను వేడెక్కకుండా ఆ నీళ్ళు చల్లబరుస్తాయి. గంగి రేడియేటరు ముసలిదైపోయింది. కంటికి కనబడని చోటినుంచి చెమట పట్టినట్టు నీళ్ళు కారిపోయేవి. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పడుకుంది, మళ్ళీ లేవలేదు. పాపం, గంగికి దాహం వేసిన సంగతి గవిరయ్యకి ఎలా తెలుస్తుంది?

మొదటిసారి, పెళ్ళివారిని ఎక్కించుకుని వెళ్తుంటే గంగి బుస్సుమని పొగ కక్కింది. పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగి కారు తోశాడు. పెళ్ళిపందిట్లోకి ఇంజనాయిలు మరకలతో వెళ్ళాడు.

ఆ తర్వాత రెండోసారి, కంటి ఆపరేషనుకి వెళ్తున్న ఒక తాతతో కొండ మీద ఆగిపోయింది. చేరేసరికి డాక్టరు గారు వెళ్ళిపోయారు. గవిరయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత మూడోసారి కూడా ఉడికింది. అప్పుడు పట్నంలో మెకానిక్కు బానెట్టు ఎత్తి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, "గవిరయ్యా, చెప్తున్నాను విను. ఇంకొక్కసారి ఇలా ఉడికిందంటే ఇంజను హెడ్డు పగుల్తుంది. దీనికి సామాను ఎక్కడా దొరకదు. ఇక నీ గంగి లేవదు" అన్నాడు.

గవిరయ్య గుండెల్లో రాయి పడింది. గంగి లేకపోతే తనకి పని లేదు. అది సరే, వేళ కాని వేళ ఊరికి కొండ దాటే దారే లేదు.

అప్పుడు గవిరయ్య రేడియో నూకాలమ్మ దగ్గరకు వెళ్ళాడు.

రేడియో నూకాలమ్మ ఎవరంటారా? ఆవిడ భర్త రేడియోలు బాగు చేసేవాడు. ఆయన బతికుండగా పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడకీ నేర్పాడు. ఆయన పోయాక అదే అరుగు మీద అవే పనిముట్లతో ఆవిడ కూర్చుంది. కళ్ళజోడుకి ఒక వైపు దారం. జడలో చామంతి ఉండేచోట చిన్న స్క్రూడ్రైవరు. మూగబోయిన రేడియో ఆవిడ చేతిలో పెడితే సాయంత్రానికి పాట పాడేది. గవిరయ్య ఆవిడని అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేవాడు.

"ఏటప్పా, నా గంగికేమైనా చేయగలవా?" అన్నాడు గవిరయ్య.

నూకాలమ్మ కారు చుట్టూ తిరిగింది. వంగి చూసింది. "ఏటుందిరా గవిరీ, దీనికి దాహం వేస్తే చెప్పడానికి నోరు లేదు. ఒక నోరు పెడదాం" అంది.

ఆ నోరు ఏమిటో తెలుసా? ఒక దీపం. పాత రేడియోలోంచి తీసిన చిన్న ఎర్ర బల్బు. దాన్ని సిరా సీసా మూతలో కూర్చింది. కారులో స్టీరింగు పక్కన ఎప్పుడో ఊడిపోయిన బొత్తం తాలూకు కన్నం ఒకటుంటే, మూత సరిగ్గా అందులో పట్టింది. ఆ తర్వాత ఒక ఇత్తడి పుల్లకి సైకిలు ట్యూబు ముక్క తొడిగి, దాన్ని రేడియేటరు లోపలికి దింపింది. పుల్లనుంచి దీపం దాకా తీగ లాగింది. మధ్యలో మూడు కాళ్ళ పురుగులాంటి చిన్న సామాను ఒకటి అతికించింది.

సంగతేమిటంటే, పుల్లకి నీళ్ళు తగులుతున్నంతసేపూ దీపం నిద్రపోతుంది. నీళ్ళు తగ్గి పుల్ల గాల్లో తేలిందా, దీపం మేలుకుంటుంది. తెలివి చూశారా! దీపం పడుకుంటే మనకు క్షేమం, మేలుకుంటే ప్రమాదం. మనిళ్ళలో దీపాలకి తిరగేసి అన్నమాట.

మొదటిసారి పెట్టినప్పుడు దీపం అసలు వెలగలేదు. రెండోసారి పెట్టినప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా ఆగకుండా వెలిగింది. తీగ అతికించడానికి కరిగించిన సీసం చుక్క చేతి మీద పడి కాలింది కూడా. నూకాలమ్మ ఉఫ్ మని ఊదుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారికి సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కథంతా ఇక్కడే ఉంది.

గవిరయ్య బయట, ఎత్తిన బానెట్టు వెనకాల నిలబడి రేడియేటర్లో నీళ్ళు పోస్తున్నాడు. నూకాలమ్మ లోపల సీట్లో కూర్చుని దీపం చూస్తోంది. మధ్యలో బానెట్టు అడ్డం. గవిరయ్యకి దీపం కనబడదు. చెంబు తర్వాత చెంబు పోశాడు. దీపం ఆరిపోయింది. కాని దీపం ఆరిపోయిందని నోటితో అనకూడదని మన ఇళ్ళలో పట్టింపు కదా? ఏమంటారు? కొండెక్కింది అంటారు. నూకాలమ్మకి ఆ పట్టింపు మరీ ఎక్కువ.

అందుకని ఆవిడ లోపల్నుంచి చప్పట్లు కొట్టి, "కొండెక్కింది! కొండెక్కిందిరా గవిరీ!" అని కేకేసింది. కిందకి దిగి, వేలు చూపించి మరీ చెప్పింది. "దీపం వెలిగితే నీళ్ళు పొయ్యి. కొండెక్కితే మాత్రం నీకే భయమూ లేదు. అర్థమైందా?"

"అయిందప్పా" అన్నాడు గవిరయ్య.

ఏమర్థమైంది? ఆ మాట అతనికి తెలియదని కాదు. వాళ్ళింట్లోనూ అంటారు. కాని రోజూ కొండ ఎక్కి దిగే మనిషికి కొండంటే కొండే. కింద రోడ్డు మీద దీపం వెలిగితే నీళ్ళు పొయ్యాలి, కారు కొండ ఎక్కాక వెలిగినా భయం లేదు అని అర్థమైంది అతనికి. నూకాలమ్మ అర్థమైందా అని అడిగింది గాని, ఏమర్థమైందని అడగలేదు.

చాలా రోజులు బాగానే గడిచింది. కింద రోడ్డు మీద రెండుసార్లు దీపం వెలిగింది. రెండుసార్లూ గవిరయ్య ఆగి గంగికి నీళ్ళు పట్టాడు. ఊళ్ళో సగంమంది దీపాన్ని చూడ్డానికి వచ్చి వెళ్ళారు.

అప్పుడు ఒక రోజు, పొద్దున పది గంటల వేళ, ఊళ్ళో పంతులమ్మకి నొప్పులు మొదలయ్యాయి. నెల తక్కువ. బళ్ళో పిల్లలకి గుణింతాలు చెప్తూ చెప్తూ బల్ల పట్టుకుని నిలబడిపోయింది. మంత్రసాని వచ్చి చూసి, "బిడ్డ అడ్డంగా ఉందమ్మా, నా వల్ల కాదు, ఆసుపత్రికి తీసుకుపొండి" అంది.

గవిరయ్య పరుగున గంగిని తెచ్చాడు. ఆ తొందర్లో నీళ్ళ డబ్బా ఇంటి దగ్గరే వదిలేశాడు. పంతులమ్మ వెనక సీట్లో పడుకుంది. ఆవిడ అత్తగారు సన్యాసమ్మ ఒక మరచెంబు నిండా వాము నీళ్ళు పట్టుకుని పక్కన కూర్చుంది. కాచిన వాము నీళ్ళు నొప్పులకి మంచివని ఆవిడ నమ్మకం.

గంగి కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

మొదటి మలుపు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. సన్యాసమ్మ చూసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "తల్లీ! దీపం పెట్టావా! నా కోడలికి సుఖప్రసవం అవుతుందని చెప్పావా!" అని దండం మీద దండం. గవిరయ్యకీ ధైర్యం వచ్చింది.

రెండో మలుపు దగ్గర అదోలా కమురు వాసన వచ్చింది. "ఏటిరా గవిరీ, ఏదో మాడుతోంది?" అంది సన్యాసమ్మ.

"మీ పొయ్యి మీద ఏటైనా వదిలేసి వచ్చారేటమ్మా" అన్నాడు గవిరయ్య.

"నా పొయ్యి వాసన కొండ మీదకొస్తాదేటిరా!"

మూడో మలుపు దగ్గర పంతులమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా ఎర్రగా దీపం. "గవిరయ్య మావయ్యా, అదేమిటి?" అంది.

"మన నూకాలప్ప పెట్టిన దీపం అమ్మా. గంగికి దాహమైతే వెలుగుతాది."

"మరి వెలిగిందిగా! ఆపవేం?"

"కొండెక్కితే భయం లేదని చెప్పింది కాదేటి! మనం కొండెక్కేశాం కదా!"

పంతులమ్మకి నొప్పి వచ్చింది. పళ్ళు బిగించింది. నొప్పి తగ్గింది. అప్పుడు, బళ్ళో వెనక బెంచీ వాడికి చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "మావయ్యా, కొండెక్కాల్సింది కారు కాదు. దీపం. దీపం కొండెక్కడమంటే ఏమిటి?"

"ఆరి..." అన్నాడు గవిరయ్య. నాలుక కరుచుకున్నాడు. కాలు బ్రేకు మీద పడింది.

గంగి ఆగింది. బానెట్టు సందుల్లోంచి అప్పుడప్పుడే సన్నగా ఆవిరి లేస్తోంది. ఇంకో మలుపు వెళ్ళుంటే ఇంజను హెడ్డు పగిలిపోయేదే. అడవి మధ్యలో, అడ్డం తిరిగిన బిడ్డతో, ఆ తల్లి గతేమయ్యేది?

కాని వేడి రేడియేటరు మూత వెంటనే తియ్యకూడదు, మొహం కాలిపోతుంది. చల్లారేదాకా ఆగాలి. ఎంతసేపు? మూడు నొప్పులంతసేపు. మొదటి నొప్పికి పంతులమ్మ సీటు గుడ్డ చింపింది. రెండో నొప్పికి అత్తగారి గాజులు రెండు విరిచింది. మూడో నొప్పికి గవిరయ్య తలకున్న తువ్వాలు ఇచ్చి, "దీన్ని కొరుక్కోమ్మా" అని తనే ఏడ్చాడు.

ఆ తర్వాత గోనెపట్టా వేసి మెల్లగా మూత తిప్పాడు. తీరా చూస్తే నీళ్ళేవీ? డబ్బా లేదు!

అప్పుడు సన్యాసమ్మ తన మరచెంబు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. "దానికే పొయ్యిరా. నా కోడలికి ఇప్పుడు కావాల్సిన మందు ఆ కారే" అంది. వాము నీళ్ళన్నీ గంగికి పట్టేసి, మూత బిగించి, గవిరయ్య దీపం దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు.

ఎర్ర దీపం మినుకుమంది. ఇంకోసారి మినుకుమంది. కొండెక్కింది!

"కొండెక్కింది!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు, నొప్పుల్లో ఉన్న పంతులమ్మతో సహా.

గంగి కొండ దాటింది. దారంతా వాము వాసనే. ఆసుపత్రి గుమ్మంలో నర్సమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇదేం కారమ్మా, బాలింత వాసన వస్తోంది!" అంది. గంట తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. తల్లీ క్షేమం, బిడ్డా క్షేమం.

పురిటి స్నానం అయ్యాక పంతులమ్మ పిల్లని ఎత్తుకుని నేరుగా నూకాలమ్మ అరుగు దగ్గరకు వెళ్ళింది. పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

నూకాలమ్మ లెంపలు వాయించుకుంది. "తప్పు నాదే తల్లీ. దీపం ఆరిందని అనడానికి నోరు రాక అలా అన్నాను. యంత్రం దగ్గర తిన్నగా మాట్లాడాలని మా ఆయన చెప్తూనే ఉండేవాడు" అంది.

"నువ్వు పెట్టిన దీపమే కదా మమ్మల్ని ఆపింది" అంది పంతులమ్మ.

"నువ్వు చెప్పబట్టి నేనాపాను" అన్నాడు గవిరయ్య.

"నాకు నేర్పినవాడు ఆయన. చెయ్యి కాలితే ఊది, మళ్ళీ పనిముట్టు నా చేతికే ఇచ్చేవాడు. ఆయనకి పెట్టండి దండం" అంది నూకాలమ్మ. గోడ మీద ఫొటోకి అందరూ దండం పెట్టారు. బోసినోటి పిల్ల చేత కూడా పెట్టించారు.

సన్యాసమ్మ ఒక్కతే, "నా వాము నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తరేం?" అంది. అప్పుడు ఆవిడకీ పెట్టారు.

ఆ తర్వాత నూకాలమ్మ ఒక చీటీ రాసి దీపం కింద అతికించింది. 'వెలిగితే ఆగు. ఆరితే వెళ్ళు.' ఆరితే అని రాసి, ఆ అక్షరాలు కళ్ళకద్దుకుంది. గవిరయ్య రోజూ బండి తీసేముందు ఆ దీపాన్ని వేలితో తాకేవాడు. గంగి ఇంకా చాలా ఏళ్ళు కొండ దాటింది.

మరి పంతులమ్మ? ఆ రోజునుంచి ఆవిడ ఏ పిల్లాడినీ "అర్థమైందా?" అని అడగలేదు. "ఏమర్థమైందో చెప్పు" అని అడిగేది.

ఏమిటా నవ్వు? ఎవరు, ఎవరలా అడుగుతారు? నేనా! సరేలే, దొరికిపోయాను. చిట్టీ, ఏమిటే అలా చూస్తున్నావు? ఆ పాప ఎక్కడుందనా? అదిగో, వంటింట్లో అన్నం వార్చి, "చిట్టీ, ఇంక రావే" అని మూడోసారి కేకేస్తోందే, మీ అమ్మ, ఆవిడే. వెళ్ళి ఒకసారి వాటేసుకో.

ఇక లేవండి, మీ అమ్మలూ కంచాలు పెట్టుకుని చూస్తుంటారు. నేనీ లాంతరు కొండెక్కిస్తాను. అంటే ఏం చేస్తాను? ఏమర్థమైందో చెప్పండి.

ఆఁ! ఆర్పేస్తాను. శభాష్.

కారూ కొండెక్కె, దీపమూ కొండెక్కె,
పాప ఒడికెక్కె, ఊరు గండం గట్టెక్కె.
కథేమో కంచికి, మీరేమో ఇంటికి,
చేతులు చెంబుకి, ముద్దలు నోటికి!

పొండి, పొండి, అన్నాలు చల్లారిపోతాయి.