పెద్దస్వామి పొయ్యి

కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఆశ్రమం. అక్కడ గౌరీపతి అనే శిష్యుడికి ఒక చిక్కు వచ్చిపడింది. పాతబడిన వంటశాలను కొత్తగా తీర్చిదిద్దాలి. అందులోని పొయ్యిని కదపడానికి మాత్రం అతనికి మనసు రావడం లేదు.

ఆశ్రమానికి రాకముందు గౌరీపతి బెజవాడలో ఇళ్లకు వంటగదులు, స్నానాలగదులు అందంగా చేసిపెట్టేవాడు. ఆ పనితనం ఇంకా పోలేదు. ఆ వేసవిలోనే ఆశ్రమం స్నానాలగదులు బాగుచేశాడు. కాలు జారని గరుకు టైల్స్ వేయించాడు. ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీలు పెట్టించాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. దాంతో ఇప్పుడు ఆశ్రమం చూసుకునే పూర్ణయ్యస్వామి, వంటశాల పని కూడా అతనికే అప్పగించారు.

ఆ పొయ్యి పెద్దస్వామిది. ఆశ్రమం పెట్టిన ఆయన, తన చేతులతో ఇటుకలు పేర్చి మట్టి మెత్తి కట్టుకున్నారు. గౌరీపతి ఇల్లు విడిచి వచ్చిన రోజున, ఆకలిగా ఉన్నావా అని కూడా అడక్కుండా, ఆ పొయ్యి మీది పొంగలి ఆకులో వడ్డించారు. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా కట్టెల పొగ వాసన ఎక్కడ తగిలినా గౌరీపతికి ఆ పొంగలే గుర్తొస్తుంది.

ఎన్నో కాగితాల మీద గీసి చింపాక ఒక ఉపాయం తోచింది. సంబరంగా స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"చూడండి స్వామీ. కిటికీ పక్కన పొయ్యి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. చుట్టూ నల్లరాతి అంచు, పైన చిన్న దీపం. గోడలన్నీ తెల్ల టైల్స్. గుమ్మంలో అడుగుపెట్టగానే చూపు పొయ్యి మీదే పడుతుంది."

స్వామి కాగితం మీదికి వంగి చూశారు.

"నాంచారమ్మ ఎక్కడ నిలబడుతుంది?"

నాంచారమ్మ వంట మనిషి. పెద్దస్వామి గరిట ఆమె చేతికిచ్చిన నాటి నుంచి అక్కడే వండుతోంది.

"గ్యాసు గట్టు ఇక్కడ స్వామీ." గౌరీపతి లోపలి మూల చూపించాడు. "కాస్త ఇరుకే. గాలి కూడా రాదు. ఫ్యాను పెడదాం."

స్వామి కాగితం మడిచి అతని చేతికిచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఆయన గునపం పట్టుకుని వంటశాలకు వచ్చారు. గౌరీపతి కంగారుగా వెనకే వచ్చాడు. నాంచారమ్మ పొయ్యి ఊదుతూ, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటోంది.

"కాస్త పక్కకు జరుగుతావా నాంచారమ్మా?"

"ఆగండి స్వామీ, పాలు పొంగుకొస్తన్నాయి."

స్వామి గునపం గోడకు ఆనించి పీట మీద కూర్చున్నారు. నాంచారమ్మ పాలు దించి, ఇద్దరికీ గ్లాసుల్లో పోసిచ్చింది. స్వామి ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు.

"అదే పొగవాసన. వానాకాలం కట్టెలు తడిసి అంటుకునేవి కావు. పెద్దస్వామి ఊది ఊది మొహమంతా బూడిద చేసుకునేవారు. ఆ మొహంతోనే వచ్చి మాకు పాలిచ్చేవారు. ఈ పొయ్యికి మట్టి తొక్కింది నేనే. అప్పటికి నాకింకా మీసాలు రాలేదు."

గ్లాసు అడుగుదాకా తాగారు. నాంచారమ్మ కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లింది. పొయ్యి చల్లారేదాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. తర్వాత స్వామి లేచి, రెండు చేతులతో పొయ్యిని తాకి కళ్లకద్దుకున్నారు. గునపం అందుకున్నారు.

"స్వామీ! అది పెద్దస్వామి కట్టిన పొయ్యి!"

"అవును."

మొదటి ఇటుక ఊడివచ్చింది.

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గో ఏడుపో గౌరీపతికి తెలియలేదు.

"ఇంత పొగతో అవస్థ పడుతూ ఎన్నడూ ఒక్క మాట అనలేదేం నాంచారమ్మా?" అని అడిగాడు.

"ఎట్టా అంటాను బాబూ? ఆయన పొయ్యి గదా."

గౌరీపతి తల దించుకున్నాడు. మెల్లగా స్వామిని అడిగాడు.

"మీకు బాధగా లేదా స్వామీ?"

"ఎందుకుండదు నాయనా?" స్వామి మోచేత్తో కళ్లు తుడుచుకుని, కదలని ఇటుక కింద గునపం దూర్చారు. "ఇటొచ్చి ఒక చెయ్యి వెయ్యి. నా ఒక్కడి వల్ల కావడం లేదు."