తోడు తెగిన శుక్రవారం

మా పూర్ణయ్య స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటి స్వామీ అని అడిగిన ఒక ప్లీడరు గారి చేత రెండు బస్తాల చింతపండుకి గింజ తీయించారు. బస్తాలు రెండా, వీశెలు రెండా అని ఇప్పుడు నన్ను నిలదీయకండి. ఆ ప్లీడరు మళ్ళీ బతికుండగా మాయ మాట ఎత్తలేదన్నది మాత్రం నిజం. అందుకని ఆ సోమవారం పొద్దున అచ్యుతం చేత్తో ఉత్తరం పట్టుకుని స్వామి ముందు నిలబడినప్పుడు, పాపం ఇతనికి ఏ పని తగులుకుంటుందో అనుకుంటూ నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అచ్యుతం అంటే తాలూకాఫీసులో గుమాస్తా పని మానుకుని వచ్చిన మనిషి, స్వామికి పెద్ద శిష్యుడు, ఆకు రాలినా దిగులు పడే రకం.

"స్వామీ, వెళ్ళిపోయినవాళ్ళ తరఫున పిచ్చయ్య మాస్టారు ఉత్తరం రాశారు. మీకు ఈ అధికారం ఎవరిచ్చారని అడుగుతున్నారు. ఏమని జవాబు రాయమంటారు?" అన్నాడు.

ఉత్తరం రాసింది పిచ్చయ్య మాస్టారని వినగానే నా చేతిలోని గరిటె జారి కాలి మీద పడింది. ఎందుకు పడిందో చెప్పాలంటే మా మఠం సంగతి కాస్త చెప్పాలి.

మాది కృష్ణ ఒడ్డున నడిమిలంక. మా మఠాన్ని చుట్టుపక్కల వాళ్ళు పెరుగు మఠం అనేవారు. స్వామి కుర్రతనంలో కొండల్లో ఒక పెద్దాయన దగ్గర పన్నెండేళ్ళు ఉన్నారట. సెలవు తీసుకునేటప్పుడు ఆ పెద్దాయన పేరూ ఊరూ చెప్పలేదు, మంత్రమూ ఇవ్వలేదు. మరచెంబులో కాస్త పెరుగు వేసి ఇచ్చి, "ఇది తెగకుండా తోడుకున్నన్నాళ్ళూ నా మాట నీ నోట ఉంటుంది" అన్నారట. ఆ పెరుగుతో తోడు వేసిందే మా కుండ. రోజూ వడ్డనకు ముందు ఒక గరిటెడు తీసి గురువు గిన్నె అనే చిన్న రాచ్చిప్పలో దాచేదాన్ని. సాయంత్రం ఆ గిన్నెలోదే గోరువెచ్చని పాలలో తోడు. మఠంలో చేరిన ప్రతి ఇంటికీ అందులోంచే ఒక చెంచాడు. ఆ ఇంట్లో కూడా అది తెగకూడదు. తెగితే ఆ ఇంటి ఇల్లాలు ఖాళీ గిన్నె పట్టుకుని మూడు పొద్దులు మఠం గేటు బయట నిలబడాలి. మాట్లాడకూడదు, కూర్చోకూడదు. మూడో పొద్దున స్వామి మళ్ళీ తోడు ఇస్తారు. ఈ నియమం పెద్దాయనది కాదు, మా స్వామి పెట్టిందే.

ఆ ఏడు మాఘమాసంలో పిచ్చయ్య మాస్టారి భార్య మంగతాయారు కూతురి పురిటికని గుడివాడ వెళ్ళింది. ఇంట్లో ఉన్న మాస్టారు ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, పాలు మాత్రం సలసల కాగుతుండగానే అందులో తోడు వేశారు. పాలు విరిగిపోయాయి, తోడు తెగిపోయింది. నేరం ఆయనది, నిలబడ్డది ఆవిడ. మాస్టారు వచ్చి "నేను నిలబడతాను స్వామీ, ఆవిడకి మోకాళ్ళ నొప్పి" అంటే స్వామి "నియమం ఇల్లాలికి" అన్నారు. మూడో పొద్దున వాన పడింది. ఏడు సముద్రాలు ఒక్కసారే మీద పోసినట్టు వాన. ఆ వానలో మంగతాయారు గిన్నె బోర్లించకుండా నిలబడింది. గిన్నెలో నీళ్ళు నిండుతుంటే పారబోసి మళ్ళీ పట్టుకుంది. వంటింటి కిటికీలోంచి అదంతా చూసినదాన్ని నేను. తోడు తీసుకుని ఇంటికెళ్ళింది, మళ్ళీ మఠం గడప తొక్కలేదు. తర్వాతి వారం మాస్టారు మరో ఆరిళ్ళ వాళ్ళను వెంటబెట్టుకుని మఠం వదిలేశారు.

ఇప్పుడు ఉత్తరంలో ఏం రాశారంటే: మీకు అధికారం ఇచ్చిన పెద్దాయనను మేం చూడలేదు. సాక్ష్యం ఈ కుండేనని మీరు చెప్పారు, నమ్మాం. కానీ ఆ పెద్ద వరద ఏడు మఠంలో పదకొండు రోజులు పొయ్యి వెలగలేదు. మరి కుండ ఎలా తెగకుండా ఉంది? శుక్రవారం మధ్యాహ్నం అందరి ఎదుట కుండ మీద చెయ్యి వేసి, ఒక్కనాడూ తెగలేదని చెప్పండి. చెబితే అందరం తిరిగి వస్తాం. లేకపోతే మా ఇంటి ఆడవాళ్ళను ఏ అధికారంతో గేటు బయట నిలబెట్టారో చెప్పండి.

స్వామి ఉత్తరమంతా విని అచ్యుతంతో, "శుక్రవారానికి పందిట్లో చాపలు చాలవు. ఎండలో వేసి దులిపించు" అన్నారు. అంతే జవాబు.

అచ్యుతం చాపలు దులపడానికి వెళ్ళాడు. నేను గరిటె తీసుకుని లోపలికి వచ్చి పీట మీద కూలబడ్డాను. ఎందుకంటే కుండ తెగింది. ముప్పయ్యేళ్ళ కిందట, ఆ వరదలోనే తెగింది. ఆ సంగతి తెలిసిన ప్రాణి భూమ్మీద నేనొక్కదాన్నే.

మంగళవారం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. బుధవారం అసలు వేయలేదు. స్వామికి సంగతి చెప్పేద్దామని కాఫీ తీసుకెళ్ళి "స్వామీ, ఒక మాట" అన్నాను. ఆయన మంచం నవారు బిగిస్తున్నారు. "ఈ కొస పట్టుకో సూరమ్మా" అన్నారు. నవారు కొస పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాను. మాట నోటి దాకా రావడం, ఆయన "గట్టిగా లాగు" అనడం, మాట మళ్ళీ కడుపులోకి దిగిపోవడం. గురువారం అచ్యుతం వంటింటికి వచ్చాడు. కళ్ళు గుంటలు పడి, నాలుగు రోజుల్లో నలభై ఏళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"పిన్నిగారూ, వరదప్పుడు కుండ మీ దగ్గరే కదా ఉంది? తెగలేదు కదా?"

"నీకెందుకొచ్చిన అనుమానం నాయనా?"

"అనుమానం లేదు. మీ నోట వింటే కాస్త అన్నం దిగుతుందని."

"చాపలు దులిపావా?" అన్నాను. స్వామి విద్య ఆ మాత్రం నాకూ అబ్బింది.

శుక్రవారం వచ్చింది. పందిట్లోకి లంకలో ఉన్న జనమంతా, కాకులతో సహా వచ్చారు. లెక్కపెడితే ఓ నూటయాభై మంది ఉంటారు, కాకులు వేరే. పిచ్చయ్య మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. మంగతాయారు రాలేదు. గురువు కుండను నేనే తెచ్చి పీట మీద పెట్టాను. పెరుగు గడ్డ కత్తితో కోయాలన్నంత చక్కగా తోడుకుంది. అదీ నా దరిద్రం, ఆ రోజైనా పులిసిపోతే ఏదో ఒకటి చెప్పి గండం దాటేదాన్ని.

మాస్టారు లేచారు. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "స్వామీ, మిమ్మల్ని అవమానించడానికి రాలేదు. నాకు మళ్ళీ ఇక్కడికి రావాలని ఉంది. ఇరవయ్యేళ్ళు మీ మాట వినే నిద్ర లేచాను. ఆ చెయ్యి ఒక్కసారి కుండ మీద వేసి చెప్పండి, చాలు" అన్నారు.

స్వామి చెయ్యి చాచారు. ఆయన ముఖంలో జంకు లేదు. తెగలేదనే ఆయన నమ్మకం, అలా నమ్మించింది నేను. ఆ చెయ్యికీ కుండకీ మధ్య జానెడు దూరం ఉంది. ఆ జానెడు దూరంలో నా డెబ్బై ఏళ్ళ బతుకంతా కనిపించింది.

"వేయకండి స్వామీ" అన్నాను. "తెగింది."

అచ్యుతం కళ్ళు మూసుకున్నాడు. నేను చెప్పాను. వరద వచ్చినప్పుడు స్వామి అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. గురువు గిన్నెను ఒళ్ళో పెట్టుకుని నేను కరకట్ట మీదికి ఎక్కాను. నేనున్న కొసన ఎక్కడా చుక్క పాలు దొరకలేదు. ఆరో రోజుకి గిన్నెలో పురుగులు పడ్డాయి. ఏటిలో పారబోసి ఏడ్చాను. ఆ ఏడుపుకే కృష్ణ మరో అడుగు పెరిగిందని ఇప్పటికీ నా నమ్మకం. నీళ్ళు తీశాక, స్వామి తిరిగి రాకముందే, గేదెల్ని కట్ట మీదికి తోలి బతికించుకున్న మస్తాన్‌బీ దగ్గరికెళ్ళి చెంచాడు తోడు అడిగి తెచ్చాను. ఈ ముప్పయ్యేళ్ళూ ఇక్కడ అందరూ తిన్నది, ఇళ్ళకు పట్టుకెళ్ళింది, అదే.

"మస్తాన్‌బీకి ఆ తోడు ఎక్కడిది అక్కయ్యగారూ?" అన్నారు మాస్టారు.

"నేనూ ఆ రోజే అడిగాను మాస్టారూ. 'గేదె బతికిందా అని అడుగు వదినా, తోడు ఎవరిదని అడుగుతావేంటి? కట్ట మీద ఎవరో ఇచ్చారు' అంది. ఆ ఎవరో ఎవరో ఆవిడకి తెలియదు. ఆవిడా పోయి పదేళ్ళయింది."

స్వామి చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. తర్వాత మెల్లగా దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు, ఎవరిదో వస్తువు అక్కడ మరిచిపోతే తీసి దాచినట్టు. నా వైపు చూశారు.

"నువ్వు మూడు పొద్దులు నిలబడ్డావా, సూరమ్మా?"

"లేదు స్వామీ. అడిగాను, ఇచ్చింది."

"నిలబడమనలేదూ?"

"లోపలికి వచ్చి కూర్చోమంది. తల తడిగా ఉందని తువ్వాలు కూడా ఇచ్చింది."

స్వామి తల వంచుకున్నారు. ఇక లేచి వెళ్ళిపోతారేమో, మఠం మూతపడుతుందేమో, అచ్యుతం మళ్ళీ గుమాస్తా ఉద్యోగం వెతుక్కోవాలేమో అని నాకు లక్ష ఆలోచనలు. ఆయన అన్నది ఒక్కటే మాట: "జనం ఆకలితో ఉన్నారు. వడ్డించు."

వడ్డించాను. కళ్ళలో నీళ్ళు, ఎదురుగా విస్తళ్ళు ఎన్నున్నాయో కూడా కనిపించలేదు. వెళ్ళిపోయినవాళ్ళ విస్తళ్ళలోనూ వేశాను. వాళ్ళు ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత మాస్టారు అన్నంలో చెయ్యి పెట్టారు, మిగతావాళ్ళూ పెట్టారు. ఆఖరి విస్తరిలో వేస్తుంటే గరిటె కుండ అడుగున గీరుకున్న చప్పుడైంది. వరద రోజులు తప్పిస్తే నలభయ్యేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పని పని తప్పాను. వడ్డనకు ముందు గురువు గిన్నెలోకి తీయడం మరిచిపోయాను. కుండలో చుక్క లేదు. ఉన్నదంతా నూటయాభై మంది కడుపుల్లో ఉంది.

అచ్యుతం కుండలోకి తొంగిచూసి గోడకు ఆనుకున్నాడు. "స్వామీ, ఇప్పుడు నిజంగా తెగిపోయింది" అన్నాడు.

స్వామి వచ్చి కుండను వంచి చూశారు. తర్వాత గూట్లోని గురువు గిన్నెను తీసి, పై పంచె కొసతో తుడిచి, ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని పందిరి దాటారు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన వెనక నేనూ అచ్యుతం, మా వెనక జనం, జనం వెనక కాకులు. ఆయన ఏ వీధికి తిరుగుతారో నాకు అర్థమయ్యేలోపు మాస్టారికి అర్థమైంది. అంత పెద్దమనిషి ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చారు.

"స్వామీ, మా ఇంట్లో తోడు ఉంది. మాఘమాసంలో మీరిచ్చిందే. నేను మఠం మానాను గాని మా ఆవిడ ఆ తోడు వేయడం మానలేదు. మీరు నడవక్కర్లేదు, నేను ఇప్పుడే పట్టుకొస్తాను."

"మీరు తేకూడదు మాస్టారూ" అన్నారు స్వామి.

మాస్టారిల్లు ఊరి చివర, సున్నం వేసిన ప్రహరీ, నీలం రంగు గేటు. గేటు లోపల గడియ వేసి ఉంది. ఇంటి తలుపు మూసి ఉంది. కిటికీ రెక్క మాత్రం ఓరగా తెరిచి ఉంది, దాని వెనక ఒక చీర కొంగు కదిలింది. స్వామి గేటు బయట, ఎండలో, రెండు చేతులా గిన్నె పట్టుకుని నిలబడ్డారు. మాస్టారు గేటు తీయబోతే కళ్ళతోనే వద్దన్నారు. ఒక గంట గడిచింది. వేసవి ఎండ, నెత్తి మీద పెనం పెట్టి అట్టు పోయొచ్చు. ఆయన వయసప్పటికి ఎనభై. కూర్చోలేదు. కిటికీ వెనక కొంగు పోలేదు, తలుపూ తెరుచుకోలేదు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. గిన్నె లేదు కాబట్టి ఉత్త దోసిలి పట్టాను.

అచ్యుతం ఇక ఉండలేకపోయాడు. సోమవారం నుంచి జేబులో మడిచి పెట్టుకున్న ఉత్తరం బయటికి తీసి, ఏడుపు గొంతుతో, "స్వామీ, వీళ్ళు అడిగినదానికి నేనింకా జవాబు రాయలేదు. అధికారం ఎవరిచ్చారని రాయమంటారు?" అన్నాడు.

స్వామి గిన్నె మీది నుంచి చూపు తిప్పలేదు.

"ముందు ఆ తల్లిని తలుపు తీయనీ, అచ్యుతం."