మడుగు మీద నక్క ఉత్తర్వు

వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగే మిగిలిన అడవి అది. పాలన మాత్రం బ్రిటన్ పద్ధతి. సింహం పేరుకే రాజు, ఉత్తర్వు మీద పంజా ముద్ర వేయడం వరకే దాని పని. నిర్ణయాలన్నీ మంత్రులవి. మంత్రులకు పీఠాలు పంచేది పెద్దమంత్రి ఏనుగు. సభలో సగానికి మించి తలలు ఊగినంత కాలమే ఆ ఏనుగు పెత్తనం. గదిలో మంత్రులు ఎంతైనా పోట్లాడుకోవచ్చు, గుమ్మం దాటాక అందరిదీ ఒకటే మాట. కాదన్నవాళ్లు పీఠం దిగిపోవాలి.

మేత మంత్రి గేదె కాటమ్మకు ఆ రోజు గదిలో కాలు నిలవలేదు. నీటి మంత్రి నక్క ఒక ఉత్తర్వు తెచ్చింది. కరువు తీరేదాకా మడుగులో ఎవరు తాగాలో నీటి మంత్రే తేలుస్తారట. సభను అడగక్కర్లేదట, కారణం చెప్పక్కర్లేదట.

"అడక్కుండా, చెప్పకుండానా? అదేం పాలన తమ్ముడూ?" అంది కాటమ్మ.

"దప్పికతో ఉన్నవాళ్లతో చర్చలేమిటక్కా? నీ పీఠం కింద నీడ చల్లగానే ఉందిగా, కూర్చో."

తక్కిన మంత్రులు తమ తమ నీడలు చూసుకుని తలూపారు. ఉత్తర్వులో తన పేరు రాయమని నక్క అడిగింది. పీఠం పేరే రాస్తాం గానీ కూర్చున్నవాళ్ల పేరు రాసే ఆచారం లేదని రాతగాడు తాబేలు చెప్పింది. ఏదైతేనేం, తనను దించేదెవరని నక్క నవ్వింది. తాబేలు మాట కాటమ్మ చెవిలో ఉండిపోయింది.

మర్నాడు మడుగు చుట్టూ రేచుకుక్కల కాపలా. నక్కలు, తోడేళ్లు కడుపునిండా తాగాయి. గేదెల మందను కుక్కలు వెనక్కి తరిమాయి. కాటమ్మ మనవరాలు దూడ ఎండిన బురదను నాకుతోంది. ఇది మీ మంత్రులు రాసిందేనా అని మంద నిలదీసింది. ఇది మా అందరి నిర్ణయం అని చెప్పాలి, ఆచారం అది. కాటమ్మ ఎండలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఆఖరికి ఏనుగు ముందుకెళ్లి నిలబడింది.

"నేను దిగిపోతాను పెద్దమంత్రీ. దిగి, గదిలో జరిగింది మందకు చెబుతాను. సభలో మావాళ్లెందరో మీకు తెలుసు."

ఏనుగు చెవులు ఊపడం ఆపేసింది. "ఉత్తర్వు రద్దు చేస్తే నా పరువేం కాను, కాటమ్మా?"

"రద్దు వద్దు. ఒక్క అక్షరం మార్చొద్దు. నా పీఠం నక్కకి, నక్క పీఠం నాకు మార్చండి చాలు."

ఇంత చవగ్గా తప్పిపోయిందని ఏనుగు గట్టిగా ఊపిరి వదిలి, ఆ పూటే పీఠాలు మార్చేసింది. పీఠం మారితేనేం, కుక్కలు తనవేగా అనుకుంటూ నక్క ధీమాగా మడుగుకు వెళ్లింది. కుక్కలు అడ్డం నిలిచాయి.

"ఒరే, మిమ్మల్నిక్కడ పెట్టింది నేనురా."

"నీటి మంత్రి మాట కావాలి. కారణం అడక్కూడదని నువ్వే చెప్పావుగా," అంది ముందున్న కుక్క.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి నక్క నాలుక వేలాడేసుకుని కాటమ్మ దగ్గరికొచ్చింది. "అక్కా, ఒక్క గుక్క."

చావనీ అంది మంద. కాటమ్మకూ ఆ మాట తియ్యగానే తగిలింది. ఒక్క రోజు కూర్చుంటేనే ఇలా ఉంటే, ఏడాది కూర్చుంటే తానేమవుతుంది?

"సభ పిలిపిస్తాను. ఈ ఉత్తర్వు ఎందుకు చెడ్డదో నువ్వే లేచి చెప్పు. ఆ తరవాత తాగుదువుగాని."

నక్క సభలో లేచింది. ఎండిన గొంతుతో, తాను రాయించిన ఉత్తర్వును తానే ముక్క ముక్కగా తిట్టింది. సభ కొట్టేసింది, సింహం ముద్ర వేసింది. ఆ సాయంత్రం దూడలన్నీ తాగి ఒడ్డెక్కాక, బురద కలిసిన నీళ్ల ముందు నక్క తలొంచింది.

అధికారం రాసుకునేవాడా, రేపు అది నీ పగవాడి చేతికి వస్తుందనుకుని రాసుకో.