వదిన అడిగిన రొట్టె

ఇన్నయ్య కతోలిక గుడిలో డీకన్. రేపో మాపో గురుపట్టం అందుకుని ఫాదర్ కావాల్సినవాడు. తల్లి పోయాక అతన్ని కన్నకొడుకులా పెంచింది వదిన రూతమ్మ. ఆమె పుట్టింటి నుంచీ బాప్టిస్టు. ఇప్పుడు గొంతు క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు ఆశ వదిలేశారు.

ఆమె ఒక్కటే అడిగింది. "మా పాస్టరుగారు నాకు బల్ల ఆపేశారు, ఇన్నయ్యా. నీ చేత్తో ఓ ముక్క పెట్టు."

బల్ల అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. ఆమె చేసిన నేరమల్లా, ఇన్నయ్య డీకన్ అయిన రోజున సంబరం పట్టలేక మరియమ్మ విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించడమే. బాప్టిస్టులకు అది విగ్రహపూజ.

చదివిన దైవశాస్త్రం ఊరికే ఉండనిస్తుందా! ఇన్నయ్య మంచం పక్కన కూర్చుని పరీక్ష పెట్టాడు.

"ఆ రొట్టె నిజంగా ఆయన శరీరమేనని నమ్ముతున్నావా వదినా?"

"మేం ఆయన్ని తలుచుకుని తింటామయ్యా. నాకదే తెలుసు."

"తలుచుకుంటే చాలదు. శరీరమేనని ఒక్క మాట అను, పెడతాను."

రూతమ్మ అతని వంక చూసింది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. కళ్లు మూసుకుంది.

ఇన్నయ్య తట్టుకోలేకపోయాడు. ముసలి గురువు ఫాదర్ బాలశౌరి దగ్గరికి పరుగెత్తాడు.

"మనకు ఆ రొట్టె ప్రభువు శరీరం. లూథరన్లకు రొట్టెతోపాటు శరీరం. బాప్టిస్టులకు ఉత్త జ్ఞాపకం. ఆమె నోట్లో అది ఏమవుతుంది ఫాదర్? పెట్టొచ్చా, కూడదా?"

ఫాదర్ లేచారు. అప్పం, అంటే గుడిలో ప్రభువు శరీరంగా పంచే పల్చటి రొట్టె, ఉన్న చిన్న డబ్బీ, దాని కింద పరిచే తెల్లగుడ్డ తీసుకుని చెప్పులేసుకున్నారు.

వాళ్లు వెళ్లేసరికి రూతమ్మకు మాట పడిపోయింది. "ఏమీ అనక్కర్లేదు వదినా, తీసుకో" అన్నాడు ఇన్నయ్య. ఆమె నోరు తెరిచింది. పాపం, ఎంత ఆశగా తెరిచిందో! ఫాదర్ ముందు చెంచాడు నీళ్లు పోసి చూశారు. ఒక్క చుక్క దిగలేదు. అన్నీ గడ్డం మీదుగా కారిపోయాయి.

ఫాదర్ ఆ తెల్లగుడ్డ తీసి ఆమె గడ్డం తుడిచారు. పెదాలు తుడిచారు. పొద్దు వాలకముందే ఆమె వెళ్లిపోయింది.

"ఆమెకు అందలేదు కదా ఫాదర్?" గుడికి తిరిగొచ్చాక ఇన్నయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఫాదర్ ఆ గుడ్డ అతని చేతిలో పెట్టారు. "ఉతుకు."

ఆ గుడ్డ జాడించిన నీళ్లను కాలవలో పారబోయరు. ప్రభువు శరీరపు నలుసు ఉంటుందేమోనని మట్టిలో పోస్తారు. ఇన్నయ్య గిన్నెలో జాడించి చూశాడు. అప్పం నలుసు లేదు. ఉన్నది వదిన ఉమ్మి, కాస్త నెత్తురు.

"ఎక్కడ పోయను ఫాదర్? కాలవలోనా, మట్టిలోనా?"

ఫాదర్ గిన్నెలోకి చూశారు.

"ఆయన శరీరమా కాదా అని ఆమెను అడిగావుగా. ఇప్పుడు ఈ నీళ్ల సంగతి నువ్వు చెప్పు."

ఇన్నయ్య గిన్నెను రెండు చేతులా ఎత్తుకుని మట్టి వైపు నడిచాడు.